రెండుంపావు సెకన్లు

మేడమ్ దగ్గర వయొలిన్ నేర్చుకున్నవాళ్ళకి ఇంకేం వచ్చినా రాకపోయినా ఆగడం మాత్రం బ్రహ్మాండంగా వస్తుందని ఊళ్ళో సంగీతం వాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆవిడ ఖాతరు చేసేది కాదు. ఆ ఆగడం తన సొంతం కాదు, నాన్నది. నాన్న వస్తువు మీద ఎవరు నవ్వితే తనకేం?

నాన్న పేరు నిలబడింది ఒకే ఒక్క రచనతో. రెండొందల ఏళ్ళ కిందట ఎవరో మహానుభావుడు ఒక్క వయొలిన్ కోసం రాసి, వాయించే నాథుడు దొరక్క వదిలేసిపోయిన రచన అది. నాన్న దాన్ని లైబ్రరీలో పట్టుకుని, నొటేషనంతా తన చేత్తో నకలు రాసుకుని, రేడియో స్టేషన్‌లో ఒక్కసారి వాయించాడు. పదకొండు నిమిషాల టేపు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే జ్వరంతో మంచం పట్టి, నలభై ఒకటో ఏట పోయాడు. అప్పటికి మేడమ్‌కి ఏడేళ్ళు. తమ్ముడికి నడక కూడా సరిగ్గా రాలేదు.

ఆ టేపులో ఒకచోట స్వరాలు మెట్లెక్కినట్టు నాలుగు మెట్లెక్కుతాయి. అయిదోది, అన్నిటికన్నా పైది, ఇదిగో వచ్చేస్తోంది అనుకునేసరికి నాన్న ఆగిపోతాడు. వినేవాళ్ళ ఊపిరి కూడా అక్కడే ఆగుతుంది. అప్పుడొస్తుంది పై స్వరం, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి కప్పినంత మెత్తగా.

"ఆ నిశ్శబ్దంలోనే మాస్టారున్నారమ్మా" అనేవాడు నాన్న పెద్ద శిష్యుడు, కళ్ళు తుడుచుకుంటూ. మేడమ్‌కి వయొలిన్ నేర్పిందీ ఆయనే. నాన్న పుస్తకం ముట్టుకుంటే పొడి రాలుతోందని, చిరిగినచోటల్లా దళసరి కాగితం ముక్కలు అతికించి అద్దాల బీరువాలో పెట్టాడు. పిల్లల కోసం ఇంకో నకలు రాసి, ఆగే చోట ఎర్రసిరాతో గుర్తు పెట్టాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అందరూ ఎర్రసిరా చూసే ఆగుతున్నారు.

మేడమ్ ఇంకో అడుగు ముందుకేసింది. స్టాప్‌వాచ్ కొని, టేపు నలభైసార్లు వేసి, లెక్క తేల్చింది. రెండుంపావు సెకన్లు. తక్కువ ఆగితే పెన్సిలుతో బల్ల మీద ఒక దెబ్బ, ఎక్కువ ఆగితే రెండు. తక్కువ ఆగేవాడికి ఓపిక లేదనీ ఎక్కువ ఆగేవాడికి పొగరుందనీ ఆవిడ సిద్ధాంతం. పదేళ్ళ కిందట టేపుని సీడీ చేయించినప్పుడు ఆ నిశ్శబ్దం మధ్యలో సన్నగా గరగరమని ఏదో చప్పుడు వినిపిస్తే, టేపు పాడైందనుకుని, సౌండు ఇంజనీరు పక్కన కూర్చుని మరీ తుడిపించేసింది. నాన్న నిశ్శబ్దంలో చెత్త ఉండటం ఆవిడకి ఇష్టం లేదు.

ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిన మనిషికి సొంత ఇంట్లోనే ఎదురు తిరిగింది మేనకోడలు.

నాన్న పుట్టి నూరేళ్ళవుతోందని సంగీత సంఘం వాళ్ళు శనివారం కచేరీ పెట్టారు. మేడమ్ వేళ్ళు కీళ్ళనొప్పులతో బిగుసుకుపోయి ఆరేళ్ళయింది. కాబట్టి వాయించాల్సింది తమ్ముడి కూతురే. అయిదేళ్ళప్పుడు ఈ అత్త చేతిలోనే కమాను పట్టడం నేర్చుకుంది. తర్వాత ఎక్కడెక్కడికో వెళ్ళి, పాతకాలం రచనల్ని పాతకాలం పద్ధతిలో ఎలా వాయించేవారో చదువుకుని వచ్చింది. ఆ చదువే కొంప ముంచింది.

"మళ్ళీ వాయించు" అంది మేడమ్, సోమవారం పొద్దున.

వాయించింది. నాలుగు మెట్లూ ఎక్కి, అయిదోదాని మీదికి ఒక్క అంగ వేసింది.

"ఆగలేదేం?"

"ఆగమని లేదత్తా."

"ఎర్రసిరా కనపడట్లేదా? కళ్ళజోడు కావాలా?"

"ఆ సిరా తాతయ్య శిష్యుడిది. అసలు రాసినాయన చేతిరాత ఫొటోలు దొరికాయి, చూడు." ఫోను తీసి చూపించింది. "అయిదు స్వరాల మీదా ఒకటే గీత. ఒక్క ఊపులో లాగమని. మధ్యలో ఆగితే మాట సగంలో మింగేసినట్టుంటుంది."

"అంటే మీ తాతయ్యకి చేతకాలేదంటావు."

"అయ్యో, అలా ఎందుకంటాను? ఆయనకి అలా అనిపించింది, వాయించాడు. నాకిలా అనిపిస్తోంది."

"నీకు అనిపించడానికెంతసేపే! నాకూ పొద్దున్నే లేవగానే సవాలక్ష అనిపిస్తాయి. రాసినాయనతో నువ్వేమన్నా మాట్లాడొచ్చావా?"

"మరి నువ్వు తాతయ్యతో మాట్లాడావా, దీని గురించి?"

ఆ పిల్ల కావాలని అనలేదు. నోట్లోంచి వచ్చేశాక తనే నాలిక్కరుచుకుంది. మేడమ్ మాత్రం కిటికీ వైపు తిరిగింది. నాన్నతో తను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పిచ్చుకా అని పిలిచేవాడు, అదొకటి గుర్తు. రేడియో స్టేషన్‌కి తీసుకెళ్ళాడు, అదొకటి. అక్కడ ఎర్రబల్బు, దగ్గొద్దని వేలు చూపించిన పెద్దమనిషి, బయటికొచ్చాక నాన్న కొనిపెట్టిన బిస్కెట్లు. అంతే. మిగతా నాన్నంతా టేపులోనే ఉన్నాడు. ఆ టేపులోని నాన్నని ఈ పిల్ల చిన్న ఫొటో చూపించి తప్పంటోంది.

"సరే" అంది మేడమ్, తిరక్కుండానే. "శనివారం ఆగితే తాతయ్య వయొలిన్ నీది. ఆగనంటావా, పెట్టె తియ్యను. గడియారం వాయిస్తాడు."

గడియారం అంటే గోడకున్నది కాదు. మేడమ్ పాత శిష్యుల్లో ఒకాయన. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అరవై దాటినా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆవిడ ఏం చెప్పినా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకుంటాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా రెండుంపావు తప్పలేదు కాబట్టి మేనకోడలు పెట్టిన పేరది. ఆయన వాయించేదాంట్లో తప్పులుండవు. ఇంకేముంటుందని అడిగితే మేడమ్ కూడా కాసేపు ఆలోచించాల్సిందే.

మేనకోడలు కమాను పెట్టెలో పెట్టింది. "ఆలోచించి శుక్రవారం చెప్తానత్తా" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి కానీ గొంతులో లేవు. పట్టుదలలో ఎవరి పోలికో మేడమ్‌కి తెలియకపోలేదు.

సంఘం వాళ్ళకి ఇంకో కోరిక ఉంది. నాన్న చేతిరాత పుస్తకాన్ని హాలు బయట అద్దాల పెట్టెలో అందరూ చూసేలా పెడతామన్నారు. పుస్తకం చూస్తే కుట్లు ఊడి, అట్ట ఒకపక్కా కాగితాలొకపక్కా వేలాడుతోంది. గురువారం మేడమ్ దాన్ని పాత చీరలో చుట్టుకుని, బస్సెక్కి, ప్రెస్సు వెనకాల సందులో ఉన్న బైండింగ్ షాపుకి తీసుకెళ్ళింది.

బైండరు అంతకు రెండ్రోజుల ముందే వచ్చి చూసి, ఒక్కరోజు పని అన్నాడు. మాట తక్కువ, చేతి వేళ్ళు జిగురుతో ఎప్పుడూ మెరుస్తుంటాయి. పాత కుట్లు కోసేసి, పేజీలు విడదీసి బల్ల మీద వరసగా పరిచాడు. ముతక కాగితం అతుకుల్ని తడి గుడ్డతో నానబెట్టి ఒక్కొక్కటే లేపుతున్నాడు. మేడమ్ స్టూలు మీద కూర్చుని, ఆపరేషను గది బయట కూర్చున్న చుట్టంలా చూస్తోంది.

"ఈ పుస్తకం చిన్నపిల్లలు వాడారా అమ్మా?"

"అదేం మాట? మా నాన్నగారిది."

"కాదమ్మా, చూడండి. పెద్దవాళ్ళు పేజీ పై మూల పట్టుకుని తిప్పుతారు. దీంట్లో పై మూలలన్నీ కొత్తగా ఉన్నాయి. కింది మూలలు నలిగిపోయాయి. ఆ మరకలు కూడా ఇంతింతే." చిటికెన వేలి చివర చూపించాడు. "అన్నిటికన్నా ఇది బాగా నలిగింది. చిరిగితే అతుకేశారు."

ఆ అతుకు లేపాడు.

కింద మూలలో పెన్సిలు రాత ఉంది. అరవై ఏళ్ళు వెలుతురు తగలకపోవడం వల్ల నిన్న రాసినట్టుంది. నాన్న అక్షరాలే, పక్కకి వాలి ఉన్నాయి. *పిచ్చుక తిప్పేదాకా.*

మేడమ్ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. మళ్ళీ చదివింది. ఆ పైన ఉన్న స్వరాలు చూసింది. నాలుగు మెట్లు. అయిదోది ఆ పేజీలో లేదు. నాన్న మిగతా పేజీలన్నీ ఏదో ఒక విరామం దగ్గర అయ్యేట్టు లెక్క చూసుకుని రాశాడు. ఈ ఒక్కచోట లెక్క తప్పి, అయిదో స్వరానికి చోటు చాలలేదు. అది అవతలి పేజీకెళ్ళింది.

అప్పుడు గుర్తొచ్చింది. రేడియో స్టేషన్‌లో ఎర్రబల్బు తనకెందుకంత దగ్గరగా కనపడింది? తను ఎత్తు స్టూలు మీద నిలబడి ఉంది కాబట్టి. ఎందుకు నిలబడింది? అమ్మ పురిటి మంచం మీద ఉంది, పుట్టినవాడు తమ్ముడు. పేజీలు తిప్పే అమ్మ లేక, ఇంట్లో రోజూ సాధనకి తనచేతే తిప్పించుకుని, అక్కడికీ నాన్న తననే తీసుకెళ్ళాడు. స్టూలెక్కినా పై మూల అందేది కాదు. కింది మూల పట్టుకుని, గాలి కూడా పీల్చకుండా, మెల్లిగా, చప్పుడు కాకుండా తిప్పాలి. అంత జాగ్రత్తగా తిప్పినా కాగితం కాస్త గరగరమంది.

గరగర. పక్కన కూర్చుని మరీ తుడిపించేసిన గరగర.

"ఏమైందమ్మా?" అన్నాడు బైండరు.

"ఏం లేదు."

చాలానే ఉంది. నలభై ఏళ్ళుగా ఎంతమంది పిల్లల్ని ఆ చోట ఏడిపించింది! ఆత్మ ఊపిరి పీల్చుకునే చోటు అని ఒక పత్రికలో వ్యాసం కూడా రాసింది. ఆరేళ్ళ పిల్ల పేజీ తిప్పుకునే చోటు అది. ఈ సంగతి బయటపడితే ఊళ్ళో సంగీతం వాళ్ళు ఇక చాటుగా నవ్వరు, ఎదురుగానే నవ్వుతారు. మేనకోడలు నవ్వకపోవచ్చు. అది ఇంకా కష్టం. పెద్ద శిష్యుడు ఈ రాత చూసి అతికించాడో, చూడకుండా అతికించాడో, అడుగుదామంటే ఆయనా లేడు.

"మూల మళ్ళీ అతకాలి" అన్నాడు బైండరు. "పల్చటి కాగితం ఉంది, వేస్తే రాత కనపడుతుంది. లేదూ, ఇదివరకట్లా దళసరిదే వెయ్యమంటారా?"

దళసరిది వేస్తే ఇంకో అరవై ఏళ్ళు ఎవరికీ తెలీదు. నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంటుంది. రెండుంపావు రెండుంపావుగానే ఉంటుంది.

"దళసరిదే వెయ్యి" అంది.

అతను కాగితం కత్తిరించి, జిగురు రాసి, మూల మీద పెట్టబోయాడు. నాన్న అక్షరాల మీదికి ఆ కాగితం నీడ పడింది. ప్రపంచంలో ఇంకెవరూ తనని పిలవని పేరు ఆ నీడలోకి వెళ్ళిపోతోంది.

"ఆగు!"

అతను చెయ్యి గాల్లోనే పెట్టి చూశాడు. ఆవిడ ఏమీ అనదే! "ఎంతసేపు ఆగాలమ్మా?" అన్నాడు చివరికి. "జిగురు ఆరిపోతుంది."

మేడమ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. అతను కంగారుపడి మంచినీళ్ళ సీసా వెతుకుతుంటే, "పల్చటిదే వెయ్యి నాయనా" అంది కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

ఇంటికొచ్చి అటకమీంచి పాత టేపు దింపించింది. సీడీ కాదు, తుడవనిది. తలుపేసుకుని పెట్టుకుంది. నాలుగు మెట్లు. నిశ్శబ్దం. అందులో సన్నగా, కాగితం చప్పుడు. అది తనే. నాన్న పక్కనే, టేపులోనే, తను కూడా ఉంది ఇన్నేళ్ళూ. పదిసార్లు వేసుకుంది. స్టాప్‌వాచ్ ముట్టుకోలేదు.

శుక్రవారం మేనకోడలు వచ్చింది. ఏం చెప్పాలో గట్టిగా కూడగట్టుకుని వచ్చినట్టుంది, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండానే మొదలుపెట్టింది. "అత్తా, నేను ఆగలేను. వయొలిన్ ఆయనకే ఇచ్చెయ్యి. నాకు కోపం లేదు."

"ముందు కూర్చో" అని మేడమ్ పుస్తకం తెరిచి ఆ మూల చూపించింది. టేపు వేసి వినిపించింది. జరిగిందంతా చెప్పింది, దళసరి కాగితం సంగతితో సహా. అది చెప్పడమే కష్టమైంది.

మేనకోడలు పుస్తకం మీదికి వంగింది. ఆ పెన్సిలు రాత మీద వేలు ఆనించీ ఆనించకుండా పెట్టింది. నేను చెప్పలేదూ అంటుందేమోనని మేడమ్ గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల అన్నది వేరు.

"నిన్ను పిచ్చుక అనేవాడా తాతయ్య? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు గనక?" మేడమ్ వయొలిన్ పెట్టె తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. "తీసుకో. ఆగకు. ఆయన నాకోసం ఆగాడు. నీకేం పని అక్కడ ఆగడానికి? నీకెలా అనిపిస్తే అలా వాయించు."

"అయితే ఒక షరతు. ఈ పుస్తకాన్ని అద్దాల పెట్టెలో పెట్టొద్దు. రేపు దీన్ని ముందు పెట్టుకునే వాయిస్తాను."

"నువ్వు ఆ టాబ్లెట్టేదో పెట్టుకుని పేజీలు కాలికింద మీట నొక్కి తిప్పుతావుగా?"

"తాతయ్య పుస్తకాన్ని కాలితో తిప్పితే ఊరుకుంటావా నువ్వు? చేత్తో నువ్వు తిప్పు."

"నా వేళ్ళు చూశావా?"

"చూస్తూనే ఉన్నాను. ఏం ఫరవాలేదు, నాకంతా కంఠతా వచ్చు. నువ్వు తిప్పినా, తిప్పకపోయినా నా దారిన నేను పోతాను."

"అలా అయితే సరే" అంది మేడమ్.

శనివారం సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో గడియారం, ఒళ్ళో నోటుపుస్తకం. వాయించే పని తప్పిపోయిందని ఆయన బాధపడలేదు సరికదా, వారమంతా బెంగతో తిండి సయించలేదనీ, ఇవాళే కడుపునిండా భోంచేశాననీ ఎవరితోనో అన్నాడట.

మేడమ్ స్టాండు పక్కన నిలబడింది. ఇప్పుడు స్టూలు అక్కర్లేదు. మేనకోడలు కమాను ఎత్తింది. నాన్న వయొలినే, కానీ నాన్న వాయించినట్టు లేదు. ఎక్కడ నాన్న బరువుగా నొక్కేవాడో అక్కడ ఈ పిల్ల తేలిగ్గా వదిలేస్తోంది. ఎక్కడ ఆయన వదిలేసేవాడో అక్కడ నిలబడి తరచి చూస్తోంది. వేరే రోజైతే మేడమ్ చేతిలో పెన్సిలు లేచేది. ఇవాళ చెవులప్పగించి విన్నది. బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. మొదటి రెండు పేజీలూ విరామాల్లో ఎలాగో తిప్పింది.

మూడో పేజీ. మెట్లు మొదలయ్యాయి. మేడమ్ కింది మూల పట్టుకోబోయింది. కొత్త కుట్టు బిగుతుగా ఉంది, పల్చటి అతుకు నున్నగా ఉంది, వేళ్ళేమో మాట వినట్లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పేజీ లేవలేదు. ఫరవాలేదు, ఆ పిల్ల వెళ్ళిపోతుంది, దానికంతా కంఠతా వచ్చు అనుకుంది.

వయొలిన్ ఆగింది.

మేడమ్ తలెత్తి చూసింది. మేనకోడలు కమానుని తీగె మీదే ఉంచి, తొందరేం లేనట్టు, తన వైపే చూస్తోంది. కనుబొమలు కాస్త ఎత్తి, కానియ్యత్తా, అన్నట్టు. ఆ చూపు మేడమ్‌కి తెలుసు. స్టూలు మీద నిలబడి చూసింది. నాన్న ముఖంలో చూసింది. టేపులో చప్పుడు దొరికింది కానీ ఆ ముఖం ఇప్పటిదాకా దొరకలేదు.

అప్పుడర్థమైంది ఆవిడకి. మొత్తం తన చేత్తో రాసుకున్న మనిషికి అవతలి పేజీలో మొదటి స్వరం ఏదో తెలీదా? ఒక్క స్వరం! ఆయనకీ కంఠతా వచ్చే ఉంటుంది. పేజీ కోసం ఆగలేదు నాన్న. పిల్ల తన పని తను పూర్తి చెయ్యాలని ఆగాడు.

మొత్తం హాలు ఊపిరి బిగబట్టింది. మేడమ్ అరచెయ్యి మొత్తం ఆనించి పేజీని తోసింది. కాగితం గరగరమని, అందరికీ వినపడేలా చప్పుడు చేసి, అవతలికి వాలింది. పై స్వరం వచ్చింది.

అయ్యాక జనం మేనకోడలి చుట్టూ మూగారు. గడియారం మాత్రం మేడమ్ దగ్గరికొచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా నోటుపుస్తకం తెరిచే ఉంది.

"మేడమ్, ఇవాళ నాలుగు సెకన్ల పైన ఆగింది. అయినా ఎందుకో... అంత బాగా ఎప్పుడూ వినలేదు. ఇకనుంచి నాలుగని రాసుకోమంటారా?"

మేడమ్ పుస్తకం తెరిచి ఆ మూల చూపించి, పిచ్చుక ఎవరో చెప్పింది. ఆయన చదివాడు. రెండుసార్లు చదివాడు. ఇరవై రెండేళ్ళ లెక్క ఆయన ముఖంలో కదలడం ఆవిడకి కనపడింది.

"అయితే మేడమ్" అన్నాడు మెల్లిగా, "ఇన్నేళ్ళూ నేనెవరికోసం ఆగినట్టు?"

"నా పెన్సిలుకి భయపడి ఆగావు నాయనా. తప్పు నాది." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. శిష్యుల చెయ్యి పట్టుకోవడం ఆవిడకి అలవాటు లేదు. "మా నాన్న ఆరేళ్ళ పిల్లకోసం ఆగాడు. మా పిల్ల అరవయ్యారేళ్ళ ముసలిదానికోసం ఆగింది. నీకెవరున్నారో ఇంటికెళ్ళి చూసుకో. ఎవరూ గుర్తు రాకపోతే ఆగకుండా వాయించుకుంటూ వెళ్ళిపో, ఏం ఫరవాలేదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు. ఏమీ రాసుకోలేదు.